పాత ట్యాంక్ తెగుళ్లను కొత్త ట్యాంక్‌కి మోయకండి

ప్రశ్న: ఐదేళ్లుగా 250 లీటర్ల రీఫ్ ట్యాంక్ (సముద్రపు చేపలు, కోరల్స్ పెంచే ఉప్పునీళ్ల ట్యాంక్) నడుపుతున్నాను. ఇప్పుడు 600 లీటర్లది సిద్ధమైంది, ఇంకా నీళ్లు నింపలేదు. పాతదాంట్లో రెండు క్లౌన్‌ఫిష్‌లు, ఒక ఎల్లో టాంగ్, ఒక రాయల్ గ్రామా, ఒక సిక్స్‌లైన్ రాస్ ఉన్నాయి. కోరల్స్‌లో జోవాలు, హామర్, మాంటిపోరా, మూడు అక్రోపోరా ముక్కలు ఉన్నాయి. నత్తలు, ఒక క్లీనర్ ష్రింప్ కూడా. రెండేళ్ల క్రితం టాంగ్‌కి తెల్లచుక్కలు వచ్చాయి, మేతలో వెల్లుల్లి కలిపి పెడితే వారంలో తగ్గిపోయాయి, మళ్లీ కనిపించలేదు. రాళ్ల మీద అక్కడక్కడా ఐప్టేషియా (కలుపులా పెరిగే చిన్న సీ అనిమోన్) ఉంది, బబుల్ ఆల్గే (బుడగల నాచు) కూడా. ఒక శని ఆదివారాల్లో రాళ్లు, ఇసుక, సగం పాత నీళ్లతో సహా అంతా మార్చేద్దామనుకుంటున్నాను, బ్యాక్టీరియా కూడా వచ్చేస్తుంది కదా అని. తెగుళ్లు రాకుండా ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: జాగ్రత్తల కంటే ముందు ఆ శని ఆదివారాల ప్లాన్ గురించి మాట్లాడుకోవాలి. ఆ ప్లాన్‌తో వెళ్తే నేను చెప్పేవేవీ పనికిరావు. చంకలో పిల్లిని పెట్టుకుని పెళ్లికి వెళ్లినట్టే అవుతుంది. రాళ్లు, ఇసుక, నీళ్లు, చేపలు అన్నీ ఒకేసారి వెళ్తే మీరు కొత్త ట్యాంక్ పెట్టినట్టు కాదు, పాతదాన్నే పెద్ద గాజుపెట్టెలోకి ఒంపినట్టు. అందులో ఉన్న ప్రతి పురుగూ మీతో పాటే వస్తుంది, వచ్చి రెండింతల చోటు చూసుకుంటుంది.

ముందు టాంగ్ సంగతి. మీ ఉత్తరం మొత్తంలో నన్ను టెన్షన్ పెట్టిన మాట ఐప్టేషియా కాదు, “వారంలో తగ్గిపోయాయి” అన్నది. తెల్లచుక్కల జబ్బు, దీన్నే ఇక్ అంటారు, క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్ అనే పరాన్నజీవి వల్ల వస్తుంది. అది చేప ఒంటి మీద ఉండేది 3 నుంచి 7 రోజులే. కడుపు నిండాక తనంతట తానే రాలిపోతుంది, రాయికో గాజుకో నత్త గుల్లకో అతుక్కుని చుట్టూ తిత్తి కట్టుకుంటుంది, ఆ తిత్తిలో ముక్కలు ముక్కలుగా విడిపోయి వందల పిల్లలై బయటికి వస్తుంది. ఆ పిల్లలకు ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చస్తాయి. కాబట్టి చుక్కలు పోవడం జబ్బు పోవడం కాదు, పురుగు ఇంటికి వెళ్లి పిల్లల్ని పెడుతోందని అర్థం. ఆ వారం మీరు వెల్లుల్లి పెట్టినా, ఏమీ పెట్టకపోయినా చుక్కలు రాలిపోయేవే. ఆ తర్వాత రెండేళ్లు కనబడలేదంటే మీ చేపలకు కొంత నిరోధకశక్తి వచ్చి ఉంటుంది, పురుగు మొప్పల్లో నాలుగైదు చొప్పున కాలక్షేపం చేస్తూ ఉండొచ్చు. మొప్పల్లో ఉన్నవి మన కంటికి ఆనవు. చేపను పట్టి, బకెట్లో పెట్టి, కొత్త చోట వదిలి, అక్కడ టాంగూ రాసూ చోటు కోసం తన్నుకుని, రెండు రోజులు మేత మానేస్తే ఆ నిరోధకశక్తి సన్నగిల్లుతుంది. అప్పుడు మళ్లీ బయటపడుతుంది.

నాకు ఇదెలా తెలుసంటే నేనూ సరిగ్గా ఇదే చేశాను కాబట్టి. మొదటి పెద్ద ట్యాంక్ పెట్టినప్పుడు ఒక్క పూటలో అంతా మార్చేసి, రాత్రి నీళ్లు తేటపడ్డాక ఫొటోలు తీసుకుని మురిసిపోయాను. పదకొండో రోజు పొద్దున లైట్లు వెలగకముందు టార్చి వేసి చూస్తే టాంగ్ రెక్కల మీద ఉప్పు రవ్వలు చల్లినట్టు ఉంది. సాయంత్రానికి సగం లేవు. తగ్గిందని నేనే ఇంట్లో అందరికీ చెప్పాను. నాలుగైదు రోజులకు అన్ని చేపలకూ వచ్చింది, ఈసారి రవ్వల్లా కాదు, పిండి అద్దినట్టు. 400 లీటర్ల ట్యాంక్‌లో, అన్ని రాళ్ల మధ్య, ఒక్క చేపను వలలో పట్టడానికి నాకు మూడు గంటలు పట్టింది, అప్పటికి రెండు చేపలు పోయాయి.

సరే, ఏం చెయ్యాలో చూద్దాం. కొత్త ట్యాంక్ సైకిల్ అవ్వడానికి, అంటే అమ్మోనియాని తినే బ్యాక్టీరియా అందులో కుదురుకోవడానికి, ఎలాగూ నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి. చేపలు లేకుండా ట్యాంక్‌ని ఖాళీగా ఉంచితే ఇక్ చస్తుంది, దానికీ ఆగాలి. చేపలకు మందు వేయడానికీ రోజులు పడతాయి, కోరల్స్‌ని పురుగుల కోసం గమనించడానికీ పడతాయి. ఈ ఎదురుచూపుల్ని ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకుంటే ఏడాది అవుతుంది, అందుకే జనం విసిగిపోయి అన్నీ వదిలేస్తారు. వీటిలో చాలావరకు పక్కపక్కనే నడుస్తాయి. ఆ ఒక్కటి పట్టుకుంటే చాలు. ట్యాంక్ ఖాళీగా ఉన్న ఈ రోజులు మళ్లీ రావు. ఒకసారి చేపలు, రాళ్లు, కోరల్స్ చేరాక అందులోంచి దేన్నీ వెనక్కి తీయలేరు.

ఈ రోజే కొత్త ట్యాంక్ నింపండి, ఆర్‌ఓ డీఐ (శుద్ధి చేసిన) నీళ్లు, కొత్త ఉప్పు, ఎండు రాయి. సాలినిటీ 35 పీపీటీ, అంటే 1.026 దగ్గర. బ్యాక్టీరియా సీసా పోసి, మేతకు అమ్మోనియం క్లోరైడ్ వేసి సైకిల్ మొదలుపెట్టండి. పాత నీళ్లు ఒక్క చుక్క వద్దు. బ్యాక్టీరియా నీళ్లలో ఉండేది బహు తక్కువ, అది రాళ్లకూ గాజుకూ ఫిల్టర్ సామానుకూ అంటుకుని బతుకుతుంది, కాబట్టి సగం పాత నీళ్లు పోస్తే మీకు దక్కేది ఐదేళ్ల నైట్రేటూ, ఈదుతున్న ఇక్ పిల్లలూ. ఇసుక మాట అసలే ఎత్తకండి. ఐదేళ్ల ఇసుకను కదిపితే అడుగున పేరుకున్న మురికి అంతా ఒక్కసారిగా లేస్తుంది, కొన్నిచోట్ల కుళ్లిన గుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా. చేపలు గాలి కోసం పైకి వచ్చి నోళ్లు తెరిచేదాకా చాలామందికి ఆ సంగతి తెలియదు.

అదే రోజు పాత ట్యాంక్ సంప్‌లో, అంటే కింద ఉండే ఫిల్టర్ పెట్టెలో, రెండు మూడు పెద్ద స్పాంజి ఫిల్టర్లు, కాస్త సిరామిక్ మీడియా పడేసి ఉంచండి. నెల తర్వాత వాటి పని ఉంది.

ఇక రాళ్లు. మీకు నచ్చదని తెలుసు, ఐదేళ్లుగా ఊదా రంగు కోరలైన్ పట్టిన రాయి మీద మమకారం ఉంటుంది. కానీ ఐప్టేషియా ఉన్న రాయిని ఒక్కదాన్ని కూడా కొత్త ట్యాంక్‌లో పెట్టొద్దనే చెప్తాను. గీకేసి పెడతానంటారేమో, గీకడమే దానికి పండగ. పాదం నుంచి ఊడిన చిన్న తునక మళ్లీ కొత్త ఐప్టేషియా అవుతుంది, మీరు ఒకటి గీకితే పది చేసినట్టు. బబుల్ ఆల్గే కూడా అంతే మొండిది, ఒక బుడగ వదిలేసినా చాలు, ఏ మూలో నక్కి ఉండి తర్వాత గుత్తులు కడుతుంది. పెప్పర్‌మింట్ రొయ్యలు, ఐప్టేషియా తప్ప మరేమీ తినని బర్గియా నుడిబ్రాంక్‌లు (గుల్ల లేని సముద్రపు నత్తలు), కాల్క్ పేస్టు, ఇవన్నీ ఉన్నాయి, పనిచేస్తాయి కూడా. కానీ అవి వచ్చిపడ్డాక చేసే తిప్పలు. ఖాళీ ట్యాంక్ ఉన్న మనిషికి వాటితో పనేంటి?

ఇక్కడ ఒక్క మాట, దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. పాత రాళ్లను శుభ్రం చేద్దామని ఎవరైనా మరిగే నీళ్లలో వేయమంటే వినకండి. జోవాలు, పాలితోవాలు పెరిగిన రాళ్లలో పాలిటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, మరిగిస్తే ఆవిరితో పాటు గాల్లోకి లేస్తుంది, అలా ఇంటిల్లిపాదీ ఆస్పత్రి పాలైన సందర్భాలు ఉన్నాయి. జోవాలను కోసేటప్పుడు కూడా చేతికి గ్లవ్స్, కంటికి అద్దాలు ఉండాల్సిందే, రసం కంట్లోకి చిమ్ముతుంది. పాత రాయి మీద అంత ప్రేమ ఉంటే ముందు దాని మీది జోవాలన్నీ తీసేసి, గాలి బాగా ఆడే చోట బ్లీచ్ నీళ్లలో నానబెట్టి, బాగా కడిగి, వారాల తరబడి ఎండబెట్టి దాచుకోండి, ఎప్పుడైనా పనికొస్తుంది.

కొత్త ట్యాంక్‌లో అమ్మోనియా, నైట్రైట్ సున్నాకి వచ్చి నిలబడ్డాక మీ శని ఆదివారాలు వస్తాయి. కాకపోతే ఆ రెండు రోజుల్లో కొత్త ట్యాంక్‌లోకి ఏదీ వెళ్లదు. కోరల్స్ వేరే చిన్న పెట్టెలోకి, నత్తలూ రొయ్యా అందులోకే. చేపలు ఉన్నచోటే, కానీ వాటి చుట్టూ ఇల్లు ఖాళీ. 76 రోజుల లెక్క ఆ రోజే మొదలు. ఆ 76 ఎక్కడిదంటే, ఇక్ తిత్తి విచ్చుకోవడానికి 3 రోజులు పట్టొచ్చు, మరీ మొండిదైతే 72 రోజులూ పట్టొచ్చు, పైన నాలుగు రోజులు మన భద్రతకి. నీళ్లు వెచ్చగా ఉంచితే తక్కువ రోజులు చాలంటారు కొందరు, నిజమే కావొచ్చు, కానీ మీకు తొందరేముంది. వెల్వెట్ అనే ఇంకో జబ్బుంది, అమిలూడినియం, ఇక్ కంటే ఘోరమైనది, రెండు మూడు రోజుల్లో ట్యాంక్ అంతా ఊడ్చేస్తుంది, దానికి ఆరు వారాల ఖాళీ సరిపోతుంది కాబట్టి అదీ ఇందులోనే కలిసిపోతుంది. గుర్తుంచుకోవాల్సింది ఒకటే, చేపలున్న నీళ్లలోంచి ఆఖరి తడి వస్తువు బయటికొచ్చిన రోజు నుంచి లెక్క. నలభయ్యో రోజున పాత సంప్‌లో ఒక నత్త దొరికిందని తెచ్చి వేశారో, మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టుకోవాలి.

కోరల్స్ పెట్టెకి 60 లీటర్లు చాలు. అడుగున ఏమీ వద్దు, ఉత్త గాజు. హీటర్, చిన్న వేవ్‌మేకర్, ఓ మాదిరి లైటు. నీళ్లు కొత్త ట్యాంక్‌లోంచి తెచ్చి మారుస్తూ ఉండండి. ఇటు నుంచి అటు మాత్రం వద్దు, బకెట్ కూడా వేరే.

కోరల్స్‌ని రాయితో సహా తేవద్దు, ప్లగ్‌తో (కోరల్ ముక్కను అతికించే చిన్న బిళ్ల) సహా కూడా వద్దు. బోన్ కట్టర్‌తో మొదలు కంటే పైన, కండ ఉన్నచోట కత్తిరించి, కొత్త ప్లగ్‌కి అతికించండి. ఎందుకంటే మనకు కావలసింది పైన ఉంటే, మనకు అక్కర్లేనివన్నీ కింద ఉంటాయి. ప్లగ్ అడుగున గుండుసూది తలంత ఐప్టేషియా, సందుల్లో వర్మెటిడ్ నత్త గొట్టం, పక్కన బబుల్ ఆల్గే చుక్క. ఒకసారి ఒక చోట కొన్న ఫ్రాగ్ (కోరల్ ముక్క) ప్లగ్‌ని భూతద్దంతో చూడకుండా పెట్టేసి, ఆరునెలల తర్వాత ఆ ట్యాంక్ ఓవర్‌ఫ్లో పెట్టెలో నలభై దాకా ఐప్టేషియాలు లెక్కపెట్టాను, అప్పటినుంచి ప్లగ్ అంటేనే ఒళ్లు మంట.

డిప్ వేయడం, అంటే కోరల్‌ని కాసేపు మందునీళ్లలో ముంచడం, అందరికీ తెలుసనుకుంటారు గానీ చాలామంది కోరల్‌ని గిన్నెలో పెట్టి పది నిమిషాలు ఫోన్ చూసుకుని తీసేస్తారు. అలా కాదు. తెల్ల ప్లాస్టిక్ ట్రే తీసుకోండి, తెల్లదే, నలుపు వద్దు. దాంట్లో ట్యాంక్ వేడి, ఉప్పు ఉన్న నీళ్లు, సీసా మీద రాసిన మోతాదులో డిప్ మందు. అక్రోపోరా కొమ్మను దాంట్లో పెట్టి, రబ్బరు బుడ్డి ఉన్న పైపెట్‌తో అన్ని వైపుల నుంచి, ముఖ్యంగా కొమ్మ మొదట్లో, కింది వైపు, గట్టిగా ఊదండి. ఊది ఆగి చూడండి. ఫ్లాట్‌వర్మ్ ఉంటే కోరల్ తోలు చిన్న పొర ఊడినట్టుగా, గోధుమ రంగు కలిసిన పారదర్శకమైన బిళ్ల ఒకటి తేలుతూ వచ్చి ట్రే అడుగున ముడుచుకుంటుంది. కోరల్ మీద ఉన్నప్పుడు దాన్ని చూడ్డం మన తరం కాదు, కోరల్ తిని కోరల్ రంగే తెచ్చుకుంటుంది. దాని జాడ మాత్రం తెలుస్తుంది, కొమ్మ మీద ఎవరో నిబ్ లేని పెన్నుతో చుక్కలు పెట్టినట్టు పాలిపోయిన గుండ్రటి మచ్చలు. గుడ్లు కొమ్మ మొదట్లో, కండ చచ్చిన ఉత్త ఎముక మీద, బంగారు గోధుమ రంగులో వరుసగా అంటించి ఉంటాయి. ఏ డిప్పూ ఆ గుడ్లను చంపదు. అందుకే మొదలు కత్తిరించి పారేయమన్నది, అందుకే వారానికోసారి చొప్పున కనీసం నాలుగైదు సార్లు మళ్లీ డిప్ వేయమనేది, ఎందుకంటే గుడ్డు పొదగడానికి మూడు వారాల దాకా పడుతుంది, నీళ్లు చల్లగా ఉంటే ఇంకా ఎక్కువ. మీ మూడు అక్రోపోరాల్లో దేంట్లోనైనా ఫ్లాట్‌వర్మ్ కనబడితే, ఆ ముక్క మీకు మరీ ప్రాణం కాకపోతే, పారేయడమే నా సలహా. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు.

మాంటిపోరాని తిరగేసి చూడండి. అడుగున తెల్లటి, రెండు మూడు మిల్లీమీటర్ల బొచ్చు పురుగులు ఉంటే అవి మాంటిపోరా నుడిబ్రాంక్‌లు, పళ్లెం అంచులు తెల్లబడుతున్నాయంటే వాటి పనే అనుకోవచ్చు. జోవాల మీద తిరిగే నుడిబ్రాంక్ ఇంకా గడుసుది, తిన్న జోవా రంగే దాని కుచ్చులకూ వస్తుంది, పగలు చూస్తే ముడుచుకున్న జోవా అనే అనుకుంటాం. లైట్లు ఆరిన గంటకి టార్చి పట్టుకుని వెతకండి. ఒకటి రెండు జోవాలు రోజుల తరబడి విచ్చుకోకపోతే ముందు అనుమానం దాని మీదే.

హామర్ విషయంలో చేయి కాస్త తేలిక. డిప్ తక్కువసేపు, ఊదడం మెల్లగా, పట్టుకోవడం ఎముక దగ్గరే. దాని కండ ఎముక అంచుకు తగిలి చిరిగితే రెండు రోజుల్లో బ్రౌన్ జెల్లీ పట్టొచ్చు, పేరుకి తగ్గట్టే గోధుమ రంగు జిగురు, దుర్వాసన, పక్క తలకి పాకేస్తుంది. అలా పడితే ఆ తలను వెంటనే విరిచి తీసేయండి, జాలిపడి ఉంచితే మొత్తం పోతుంది. అయోడిన్ డిప్ ఇలాంటి గాయాలకు బాగుంటుంది, పురుగుల మీద మాత్రం అంతగా పనిచేయదు, రెండూ వేరు వేరు మందులని గుర్తుపెట్టుకోండి. ఏ డిప్ అయినా తర్వాత రెండు గిన్నెల శుభ్రమైన ఉప్పునీళ్లలో ముంచి తీయడం మరచిపోకండి. డిప్ నీళ్లు సింక్‌లోకే, ట్యాంక్‌లోకి కాదు. నవ్వకండి, చేసినవాళ్లున్నారు.

బ్రిసిల్ వర్మ్‌లు రాలిపడితే కంగారు పడొద్దు, అవి చెత్త తినే పాకీవాళ్లు, వచ్చినా పరవాలేదు. సన్న కోపెపాడ్‌లు డిప్‌లో చస్తాయి, వాటిని తర్వాత సీసాలో తెచ్చి వేసుకోవచ్చు.

నత్తలకూ రొయ్యకూ డిప్ వేయకూడదు, చస్తాయి. వాటికి ఇక్ రాదు, కానీ నత్త గుల్ల మీద ఇక్ తిత్తి కూర్చుని రావొచ్చు. పాత టూత్‌బ్రష్‌తో గుల్ల గట్టిగా రుద్ది, శుభ్రమైన ఉప్పునీళ్లలో కడిగి, కోరల్స్ పెట్టెలో వేయండి. అంతకంటే చేయగలిగింది లేదు, మిగతాది ఆ 76 రోజులే చూసుకుంటాయి. క్లీనర్ ష్రింప్ ఇక్‌ని తినేసి జబ్బు పోగొడుతుందనే మాట ఎప్పటినుంచో ఉంది, చేప ఒంటి మీద ఏదో గిల్లి తింటుంది గానీ దాంతో ట్యాంక్ బాగుపడదు. యూవీ కూడా అంతే, తగ్గిస్తుంది, తుడిచిపెట్టదు.

ఇప్పుడు చేపలు. కోరల్స్, రాళ్లు, ఇసుక, నత్తలు బయటికి పోయాక పాత ట్యాంక్‌లో మిగిలేది గాజు, నీళ్లు, ఐదు చేపలు. అదే మీ హాస్పిటల్ ట్యాంక్! కొత్తగా కొనక్కర్లేదు. ఒక జాగ్రత్త, ఇసుక తీసేటప్పుడు మాత్రం చేపల్ని బకెట్లో గాలి గొట్టం పెట్టి ఉంచి, ట్యాంక్‌ని కడిగి, కొత్త నీళ్లు నింపాకే మళ్లీ వదలండి. నెల క్రితం సంప్‌లో వేసిన స్పాంజిలు ఇప్పుడు బయటికొస్తాయి, అవి లేకపోతే రెండో రోజుకే అమ్మోనియా లేస్తుంది. దాక్కోవడానికి పీవీసీ గొట్టం ముక్కలు వేయండి, ఎల్బోలు, టీలు, ఎన్ని ఉంటే అన్ని, టాంగ్ పట్టేంత లావువి. చూడ్డానికి ప్లంబర్ సంచిలా ఉంటుంది, చేపలకు పట్టదు.

ఇక్‌కి వేసే రాగి మందు రెండు రకాలు, మోతాదులు పది రెట్లు తేడా. అయానిక్ రాగి అయితే 0.15 నుంచి 0.25 పీపీఎం, కీలేటెడ్ అయితే 1.5 నుంచి 2.5 పీపీఎం. సీసా మీద ఏది రాసి ఉందో చూడకుండా పోస్తే చేపలే పోతాయి. కీలేటెడ్ వాడండి, అది కాస్త నెమ్మది మనిషి. మొదటి రోజే మొత్తం పోయకుండా నాలుగైదు రోజుల్లో మెల్లగా పెంచండి, రాస్‌లకు రాగి అంతగా పడదు. పూర్తి మోతాదు అందాక 30 రోజులు, ఒక్క రోజు కూడా కిందికి జారకుండా. జారితే లెక్క మళ్లీ మొదటికి. నీళ్లు మార్చినప్పుడల్లా కొత్త నీళ్లలో కూడా అదే మోతాదు రాగి కలిపి పోయాలి. రోజూ కొలవాలి, రంగు చూసే కిట్ కంటే అంకె చూపించే చెకర్ నయం. ఫిల్టర్‌లో కార్బన్ ఉంటే తీసేయండి, రాగిని పీల్చేస్తుంది. యూవీ ఆపేయండి. అమ్మోనియా తగ్గించే కండిషనర్ల జోలికి మాత్రం అస్సలు వెళ్లొద్దు, వాటిలో చాలా రకాలు రాగితో కలిస్తే ఆ రాగి చేపలకు విషమవుతుంది. అమ్మోనియా లేస్తే నీళ్లు మార్చడమే మార్గం. రాళ్లు, ఇసుక ఉన్న ట్యాంక్‌లో ఈ వైద్యం ఎందుకు చేయకూడదంటే అవి రాగిని పీల్చుకుని, మోతాదు నిలబడనివ్వవు, తర్వాత కోరల్స్ పెట్టుకోనివ్వవు.

రాగి ముప్పై రోజులయ్యాక కార్బన్ వేసి ఆ రాగిని తీసేసి, ప్రాజిక్వాంటెల్ వేయండి, అది ఫ్లూక్‌లనే పరాన్నజీవి పురుగులకు. ఫ్లూక్ గుడ్లకు ఆ మందు తగలదు కాబట్టి వారం తర్వాత మళ్లీ ఒకసారి. ఆ మందు వేసినప్పుడు నీళ్లు మబ్బుపట్టి ఆక్సిజన్ పడిపోవచ్చు, ఎయిర్ స్టోన్ గట్టిగా పెట్టండి. ఈలోగా క్లౌన్‌లలో దేనికైనా ఒంటి మీద తెల్లటి జిగురు పొర పట్టి, తోలు ఊడినట్టు కనబడితే అది ఇక్ కాదు, బ్రూక్లినెల్లా, దాన్ని రాగి ఆపలేదు, ఫార్మలిన్ కావాలి, అదీ ఆ రోజే. మిగిలిన వారాలు మందు లేకుండా, బాగా మేపుతూ, ఊరికే గమనించడం.

రెండు ట్యాంకులూ ఒకే గదిలో ఉంటే మధ్య కనీసం మూడు మీటర్ల దూరం పెట్టండి. గాలి రాయి బుడగలు పగిలినప్పుడు లేచే తుంపర్లతో వెల్వెట్ లాంటివి అంత దూరం ప్రయాణించగలవు. వల, గొట్టం, థర్మామీటర్ అన్నీ రెండేసి సెట్లు, ఒకదానికి ఎర్ర టేపు చుట్టేయండి. ఎప్పుడూ ముందు కొత్త ట్యాంక్ పని చూసుకుని, తర్వాతే చేపల దగ్గరికి. చేతులు మోచేతి దాకా కడుక్కుని ఆరబెట్టుకోవడం కూడా అందులో భాగమే.

నాలుగు వారాలు డిప్‌లు పూర్తయి, రెండు డిప్‌లు వరసగా ఏమీ రాలకపోతే కోరల్స్ కొత్త ట్యాంక్‌కి వెళ్లొచ్చు. ముందు జోవాలు, తర్వాత హామర్, ఆఖరికి అక్రోపోరా. కొత్త ట్యాంక్‌లో కెమిస్ట్రీ ఊగుతూ ఉంటుంది, అక్రోపోరాకి అది గిట్టదు, ఇంకో నెల పెట్టెలోనే ఉంచినా తప్పులేదు. ఆల్కలినిటీ 8 డీకేహెచ్ దగ్గర కదలకుండా నిలబడిందాకా ఆగండి.

కోరల్స్ కొత్త ట్యాంక్‌కి వెళ్లాక చేపలు వచ్చేదాకా ఉండే ఆ ఏడు వారాల్లో ఎక్కువమంది చేసే తప్పు ట్యాంక్‌ని పస్తు పెట్టడం. నీళ్లు ఎంత తేటగా ఉంటే అంత మంచిదనుకుంటారు. ఎండు రాయితో పెట్టిన ట్యాంక్‌లో నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకి పడితే డైనోలనే సూక్ష్మజీవులు వస్తాయి, బుడగలు పట్టిన గోధుమ రంగు చీమిడిలాంటివి, వాటిని వదిలించుకోవడం ఇక్ కంటే చిరాకు. అందుకే చేపలు లేకపోయినా రెండు రోజులకోసారి చిటికెడు ఫ్రోజెన్ మేత వేయండి, రొయ్యా నత్తలూ తింటాయి, మిగిలింది కుళ్లి కోరల్స్‌కి అందుతుంది. డయాటమ్‌ల గోధుమ పొర, ఆ తర్వాత పచ్చ నాచు వచ్చి పోతాయి, వాటిని నత్తలకు వదిలేయండి.

డెబ్బయి ఆరో రోజు దాటాక చేపలు. సాలినిటీ రెండు వైపులా ఒకటే ఉండేలా రెండు రోజుల ముందే సరిచేసుకుంటే డ్రిప్ పెట్టే పనే ఉండదు, వేడి సమానం చేసి వదిలేయడమే. హాస్పిటల్ నీళ్లు చుక్క కూడా పోకుండా చేత్తోనో డబ్బాతోనో చేపను మాత్రమే అందించండి, వల వద్దు, టాంగ్ తోక దగ్గరి ముల్లు అందులో ఇరుక్కుంటుంది. గ్రామా, క్లౌన్‌లు ముందు, వారం తర్వాత రాస్, ఆఖరికి టాంగ్. టాంగ్‌ని ముందు వదిలితే 600 లీటర్లూ తనవే అనుకుంటుంది. ఆ రోజంతా లైట్లు ఆపేయండి.

ఆ తర్వాత కొనే ప్రతి చేపకూ, ప్రతి ఫ్రాగ్‌కీ ఇదే వరస. కోరల్స్ పెట్టెను తీసి అటక మీద పెట్టేయకండి, హీటర్ ఆన్‌లోనే ఉంచండి. పాత ట్యాంక్‌ని మాత్రం ఎవరికైనా అమ్మేటట్టయితే అందులో రాగి వాడినట్టు చెప్పి అమ్మండి, సిలికాన్‌లో కొంత మిగిలి ఉండొచ్చు, కొన్నవాళ్లు తెలియక రొయ్యలు వేసుకుంటారు.